‘స్టెబిలైజ్’ అయిందంటే బాగుపడినట్టేనా? ఒక ఇంగ్లీషు క్రియ లోపలి సంగతులు

ఆస్పత్రి బులెటిన్‌లో ‘పేషెంట్ పరిస్థితి స్టెబిలైజ్ అయింది’ అని వస్తే ఇంటివాళ్లు గండం గడిచిందనుకుంటారు. ద్రవ్యోల్బణం స్టెబిలైజ్ అయిందని చదివినవాళ్లు ఇక ధరలు పెరగవనుకుంటారు. కార్బన్ ఉద్గారాలు స్టెబిలైజ్ అయ్యాయంటే భూమి వేడెక్కడం ఆగిపోయిందనుకుంటారు. మూడు చోట్లా వార్త నిజమే కావచ్చు, మనం అనుకున్నది మాత్రం తప్పు కావచ్చు. ఆ క్రియ చెప్పేది ఒకటైతే మన చెవిన పడేది ఇంకొకటి.

దాని మూలార్థం చిన్నదే. ఊగిసలాడుతున్నదో, జారిపోతున్నదో, అదుపు తప్పుతున్నదో ఒక స్థితికి వచ్చి అక్కడ నిలవడం, లేదా దాన్ని ఎవరైనా అలా నిలబెట్టడం. మన మాటల్లో చెప్పాలంటే కుదురుకోవడం, కుదుటపడటం, నిలకడకు రావడం. ఈ నిర్వచనంలో ‘ఒక స్థితి’ అని ఉంది తప్ప ‘మంచి స్థితి’ అని లేదు. చిక్కంతా అక్కడే.

ఈ సంగతి బాగా తెలియాలంటే 1923 నాటి జర్మనీని చూడాలి. మార్కు విలువ పూటపూటకీ పడిపోతున్న కాలం అది. ఆ నవంబర్‌లో ప్రభుత్వం రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీ తెచ్చి, పాత మార్కును డాలరుకు 4.2 లక్షల కోట్ల దగ్గర నిలబెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఒక డాలరుకు వచ్చేవి 4.2 మార్కులే. ఆర్థిక చరిత్ర పుస్తకాలు ఈ ఘట్టాన్ని మార్కు స్టెబిలైజేషన్ అనే పిలుస్తాయి. ఆ పేరులో తప్పేమీ లేదు, పతనం నిజంగానే ఆగింది. కానీ బతుకంతా కూడబెట్టి బ్యాంకులో దాచుకున్నవాళ్ల సొమ్ము వెనక్కి రాలేదు. లక్ష కోట్ల పాత మార్కులు ఇస్తే ఒక్క రెంటెన్‌మార్క్ చేతికొచ్చింది. పడ్డచోటే నిలిచినా అది స్టెబిలైజేషనే.

ఓడల మీద పుట్టిన మాట

లాటిన్‌లో ‘స్టారే’ అంటే నిలబడటం. దాన్నుంచి ‘స్టాబిలిస్’, దాన్నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి ‘స్టేబుల్’ వచ్చాయి. గుర్రపుశాలను స్టేబుల్ అనడం కూడా ఈ కుదురు నుంచే, పశువులు నిలబడే చోటు కాబట్టి. మన స్థితి, స్థానం, స్థిరం, స్థావరం అన్నీ సంస్కృత ‘స్థా’ ధాతువు సంతానం. ఆ ‘స్థా’కీ లాటిన్ ‘స్టారే’కీ మూలం ఒకటేనని భాషాశాస్త్రం చెబుతుంది. కాబట్టి స్టేబుల్ అన్న ఇంగ్లీషు మాటా, స్థిరం అన్న మన మాటా దూరపు చుట్టాలే.

విశేషణం పాతదే అయినా స్టెబిలైజ్ అనే క్రియ మరీ పాతది కాదు. 19వ శతాబ్దం మధ్యలో ఓడల సందర్భంలో వాడుకలోకి వచ్చింది. ఓడ గురించి కాస్త తెలిస్తే ఈ క్రియ స్వభావం సగం తెలిసినట్టే.

అల తగిలితే ఏ ఓడైనా పక్కకు ఒరుగుతుంది. స్థిరమైన ఓడ అంటే ఒరగని ఓడ కాదు, ఒరిగాక మళ్లీ నిటారుగా లేచే ఓడ. బరువంతా అడుగున వేస్తే లేచే గుణం బాగా పెరుగుతుంది, కానీ అప్పుడు ఓడ విసురుగా ఇటూ అటూ కొట్టుకుంటుంది. ప్రయాణికులకు వాంతులు, సరుకులకు దెబ్బలు. బరువు పైకి చేరితే ఊగడం మెత్తగా, నింపాదిగా ఉంటుంది, కానీ పెద్ద అల వస్తే తిరిగి లేవకపోయే ప్రమాదం ఉంది. అంటే స్థిరత్వం ఎక్కువయ్యే కొద్దీ హాయి పెరుగుతుందన్న భరోసా లేదు.

ఊగడాన్ని తగ్గించడానికి ఓడలకు స్టెబిలైజర్లు పెడతారు. ఇప్పటి పెద్ద ప్రయాణికుల నౌకల్లో ఇవి నీటి అడుగున రెండు వైపులా రెక్కల్లా ఉంటాయి. ఓడ ఎటు ఒరుగుతోందో పరికరాలు పసిగట్టగానే రెక్కలు కోణం మార్చి దాన్ని ఎదురు దిశలో నెడతాయి. ఓడ ముందుకు సాగుతూ, రెక్కల మీదుగా నీళ్లు వేగంగా పారుతుంటేనే వీటికి పట్టు దొరుకుతుంది. 1932లో ప్రయాణాలు మొదలుపెట్టిన ఇటలీ ఓడ ‘కోంటే డి సవోయా’లో మూడు భారీ జైరోస్కోపులు, అంటే వేగంగా తిరుగుతూ ఒరుగుడును అడ్డుకునే చక్రాలు, అమర్చారు, ఒక్కోటి వంద టన్నుల పైచిలుకు. వాటితో ఊగడం తగ్గింది తప్ప పూర్తిగా పోలేదు.

నిలకడ వెనక జరిగే పని

ఓడ నుంచి దిగిన ఈ మాట తర్వాత ఎన్నో యంత్రాల మీదికి ఎక్కింది. మనకు బాగా తెలిసింది వోల్టేజ్ స్టెబిలైజర్. ఉన్నట్టుండి అది ‘టిక్’మంటుంది. లోపల రిలే అనే ఒక స్విచ్, ట్రాన్స్‌ఫార్మర్ తీగచుట్టలో ఒక ట్యాప్‌ను, అంటే కరెంటు తీసుకునే చోటును, వదిలి ఇంకో ట్యాప్‌ను పట్టుకున్న చప్పుడది. లైన్‌లో 180 వోల్టులే వస్తున్నాయనుకుందాం. 20 శాతం పెంచే ట్యాప్ మీద ఉంటే బయటికి 216 వోల్టులు వెళ్తాయి. కాసేపటికి లైన్ 230కి పెరిగింది. అదే ట్యాప్ మీద ఉండిపోతే బయటికి 276 వెళ్లి ఫ్రిజ్ కంప్రెసర్‌కు ముప్పు. అందుకే టిక్. ఇప్పుడు వచ్చిన 230 వచ్చినట్టే బయటికి పోతుంది.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. బయటికి వెళ్లే వోల్టేజ్ ఒకే అంకె దగ్గర బిగుసుకుపోలేదు. 216 అయింది, 230 అయింది. ఒక హద్దులో ఉంది, అంతే. రెండోది, ఆ హద్దులో ఉంచడానికి లోపల ఏదో ఒకటి నిరంతరం మారుతూనే ఉంది. కరెంటే లేకపోతే స్టెబిలైజర్ చేయగలిగిందీ లేదు.

ఫోన్ కెమెరాల్లోని ఇమేజ్ స్టెబిలైజేషన్‌దీ ఇదే పద్ధతి. చెయ్యి ఎటు వణికిందో జైరో సెన్సర్ కొలిచి చెబితే, లెన్స్ దానికి ఎదురు దిశలో వెంట్రుకవాసి జరుగుతుంది. ఇది సరిచేసేది కెమెరా పట్టుకున్నవాళ్ల వణుకునే. పరుగెత్తే పిల్లాడి ఫొటో మసకగా వస్తే స్టెబిలైజేషన్ పనిచేయలేదని కొందరు విసుక్కుంటారు. అది చేయాల్సిన పనే అది కాదు. దేన్ని స్టెబిలైజ్ చేశారన్నది అడక్కుండా ఈ క్రియను అర్థం చేసుకోలేం.

రసాయనాల్లో అర్థం కొంచెం జరుగుతుంది. అక్కడ స్టెబిలైజర్ అంటే విడిపోకుండా, చెడిపోకుండా, పేలకుండా ఆపే పదార్థం. నైట్రోగ్లిసరిన్ చిన్న కుదుపుకే పేలిపోయేది. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ దాన్ని ఒక రకం మట్టిలో ఇంకించి, 1867లో డైనమైట్ పేరుతో పేటెంట్ తీసుకున్నాడు. పేలే గుణం పోలేదు, అడగనప్పుడు పేలే గుణం తగ్గింది. ఐస్‌క్రీమ్‌లో వేసే గోరుచిక్కుడు గింజల జిగురు కూడా స్టెబిలైజరే, మంచు పలుకులు పెద్దవి కాకుండా చూస్తుంది.

ఆస్పత్రి భాషలో

ఈ క్రియకు ఒక చట్టమే నిర్వచనం రాసిన దేశం అమెరికా. డబ్బు కట్టలేని రోగులను కొన్ని ఆస్పత్రులు అత్యవసర విభాగం గుమ్మం నుంచే వేరే ఆస్పత్రులకు తోలేస్తున్నాయన్న ఆరోపణల మీద 1986లో ఎమ్టాలా అనే చట్టం వచ్చింది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కింద డబ్బు తీసుకునే ఆస్పత్రి, అత్యవసర స్థితిలో వచ్చినవారిని ముందు స్టెబిలైజ్ చేయాలని ఆ చట్టం చెబుతుంది. అలా చెప్పాక ఆ మాటకు అర్థం చెప్పక తప్పలేదు. చట్టం ప్రకారం స్టెబిలైజ్ చేయడమంటే, రోగిని అక్కడి నుంచి తరలించే క్రమంలో పరిస్థితి చెప్పుకోదగినంతగా దిగజారదని వైద్యపరంగా సహేతుకమైన నమ్మకం కలిగేంత చికిత్స ఇవ్వడం. నయం చేయడం అన్న ప్రస్తావనే అందులో లేదు. నొప్పులు పడుతున్న గర్భిణి విషయంలో మాత్రం చట్టం ఇంకా కచ్చితంగా ఉంది. బిడ్డతో పాటు మాయ కూడా బయటపడితేనే స్టెబిలైజ్ చేసినట్టు.

‘విషమంగా ఉన్నా నిలకడగా ఉంది’ అని మన వార్తల్లో తరచూ కనిపించే వాక్యం ఇంగ్లీషులోని ‘క్రిటికల్ బట్ స్టేబుల్’కు తెలుగు రూపం. అది సరైన మాటేనా అన్నదాని మీద వాదం ఉంది. అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ మార్గదర్శకాలు అది వద్దంటాయి. వాటి లెక్కలో క్రిటికల్ అంటేనే నాడి, బీపీ, శ్వాస లాంటివాటిలో కొన్నైనా నిలకడ తప్పాయని అర్థం. నిలకడ తప్పినవి నిలకడగా ఉన్నాయనడం కుదరదు కదా. అందుకే గుడ్, ఫెయిర్, సీరియస్, క్రిటికల్ అన్న మాటలే వాడాలనీ, స్టేబుల్‌ను రోగి పరిస్థితికి పేరుగా వాడకూడదనీ చెబుతాయి. అయితే డాక్టర్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ఆ జంట మాట పనికొస్తుందని అదే సంఘం ఒప్పుకుంటుంది. ప్రమాదంలో ఉన్నా కోలుకుంటారన్న ఆశ ఉన్నవారినీ, ఆ ఆశ సన్నగిల్లినవారినీ వేరుచేయడానికి వాళ్లకు అది ఒక గుర్తు. నా మట్టుకు సంఘం వాదనే సబబుగా ఉంది. డాక్టరుకు తెలిసిన సందర్భం బులెటిన్ చదివేవాళ్లకు తెలియదు.

ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఐసీయూలో ఒక రోగికి పొద్దున్న బీపీ 70/40. బీపీ పెంచే మందు నార్‌అడ్రినలిన్ ఎక్కించడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి 100/60. సాయంత్రం కూడా 100/60, మందు మోతాదు పెంచలేదు. ఈ దశలో స్టెబిలైజ్ అయిందంటే సరిపోతుంది. మర్నాడు పొద్దున్న మానిటర్ మీద అదే 100/60 కనిపిస్తోంది. కానీ రాత్రంతా పెంచుకుంటూ పోయి మందు రెట్టింపు చేశారు. అంకె కదల్లేదు. మనిషి మాత్రం కిందికి జారుతున్నాడు, మందు పట్టుకుని ఆపుతోంది. దీన్ని స్టేబుల్ అనరు. మానిటర్‌లో అంకెతో పాటు ఆ అంకెను నిలబెట్టడానికి ఎంత ఆసరా కావాల్సి వస్తోందన్నది కూడా చూస్తారు. బులెటిన్ చదివాక ఆస్పత్రి వాళ్లను అడగదగిన ప్రశ్న కూడా అదే: మందుల, వెంటిలేటర్ ఆసరా నిన్నటి మీద తగ్గిందా, పెరిగిందా?

మానసిక వైద్యంలోని మూడ్ స్టెబిలైజర్లను కూడా చాలామంది ఉత్సాహాన్నిచ్చే మందులనుకుంటారు. బైపోలార్ సమస్యలో మనసు అతి ఉత్సాహానికీ అతి నిరాశకీ మధ్య ఊగుతుంది. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ప్రయోగాలతో వెలుగులోకి వచ్చిన లిథియం చేసేది ఆ ఊపును తగ్గించడం.

ఏ మెట్టు మీద ఆగింది?

అన్నిటికన్నా ఎక్కువ తికమక పెట్టేది అంకెల వార్తలు. ఒక వస్తువు ధర 100 అనుకుందాం. ఏ దేశపు డబ్బైనా సరే. ద్రవ్యోల్బణం వరసగా ఐదేళ్లు 2, 5, 8, 8, 8 శాతం. మూడో ఏటి నుంచి ద్రవ్యోల్బణం స్టెబిలైజ్ అయిందని రాస్తారు, నిజమే. ధర ఏమైంది? మొదటి ఏడాది చివరికి 102, తర్వాత 107.10, ఆ తర్వాత 115.67. అక్కడి నుంచి ‘నిలకడ’ కాలం: 124.92, ఆ మరుసటేడు 134.92. మొదటి రెండేళ్లలో ధర పెరిగింది ఏడు. నిలకడ వచ్చాక రెండేళ్లలో పెరిగింది పంతొమ్మిదికి పైనే. నిలిచింది వేగం, బండి కాదు.

అంటే ఒకే విషయంలో కనీసం మూడు మెట్లు ఉంటాయి. ధర ఒకటి. ధర పెరిగే వేగం, అంటే ద్రవ్యోల్బణం, రెండోది. ఆ వేగంలో వచ్చే మార్పు మూడోది. ఏ మెట్టు స్టెబిలైజ్ అయిందని చెప్పినా దాని కింది మెట్టు కదులుతూనే ఉండొచ్చు. కింది మెట్టు నిలవాలంటే పై మెట్టు సున్నాకు రావాలి.

కేంద్ర బ్యాంకులు వాడే ‘ధరల స్థిరత్వం’ అన్న మాట కూడా ఈ లెక్కలోదే. అమెరికా ఫెడరల్ రిజర్వ్ ‘స్థిరమైన ధరల’ కోసం పనిచేయాలని అక్కడి చట్టంలో 1977లో చేర్చారు. ఆ స్థిరత్వానికి ఫెడ్ 2012లో ఒక అంకె ప్రకటించింది: ఏడాదికి 2 శాతం ద్రవ్యోల్బణం. యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ లక్ష్యం కూడా మధ్యకాలంలో 2 శాతమే. ఏటా 2 శాతం చొప్పున పెరిగితే ధరలు 35 ఏళ్లకు రెట్టింపవుతాయి. రెట్టింపయ్యేదాన్ని స్థిరం అని ఎలా అంటారని విమర్శకులు అడుగుతారు. చట్టంలో ఉన్నది స్థిరమైన ధరలే తప్ప స్థిరమైన ద్రవ్యోల్బణం కాదని వాళ్ల వాదన. అటువైపు వాళ్ల దగ్గరా బలమైన సమాధానం ఉంది. సరిగ్గా సున్నా దగ్గర నిలపాలని చూస్తే చిన్న తడబాటుకే ధరలు పడిపోయే దశలోకి జారిపోతాం. అప్పుడు జనం కొనుగోళ్లు వాయిదా వేస్తారు, అప్పుల భారం పెరుగుతుంది. పైగా వడ్డీ రేట్లు తగ్గించి ఆదుకునే వెసులుబాటూ తక్కువగా ఉంటుంది. కుటుంబాలు, వ్యాపారాలు తమ నిర్ణయాల్లో లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత చిన్న పెరుగుదలే ఆచరణలో స్థిరత్వం అని వీళ్ల మాట. వాదం ఆర్థికశాస్త్రానిదే అయినా ముడి ఎక్కువగా ఈ ఒక్క మాట దగ్గరే పడింది.

వాతావరణ మార్పు విషయంలో ఈ మెట్లు కలిసిపోతే నష్టం ఇంకా పెద్దది. 1992 నాటి ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం రెండో అధికరణ, గ్రీన్‌హౌస్ వాయువుల గాఢతను స్టెబిలైజ్ చేయడాన్ని తన అంతిమ లక్ష్యంగా పెట్టుకుంది. గాఢత అన్నారు, ఉద్గారాలు అనలేదు. ట్యాంకులోకి నీళ్లు పడుతూ, అడుగున చిన్న రంధ్రం నుంచి కొన్ని కారిపోతున్నాయనుకోండి. పంపు వేగం పెంచడం మానేస్తే ధార స్టెబిలైజ్ అయినట్టు. కారేదానికన్నా పడేది ఎక్కువైతే నీటిమట్టం మాత్రం పెరుగుతూనే ఉంటుంది. మనం ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు సగాన్ని సముద్రాలు, చెట్లు, నేల పీల్చుకుంటున్నాయి. మిగతాది గాలిలో పోగుపడుతోంది. పరిశ్రమలు రాకముందు గాలిలో దీని వాటా పది లక్షల భాగాలకు 280 దాకా ఉండేది. హవాయిలోని మౌనా లోవా మీద 1958లో కొలతలు మొదలైనప్పుడు 315 దగ్గర ఉంది. ఇప్పుడు 420 దాటింది. ‘ఈ ఏడాది ఉద్గారాలు పెరగలేదు’ అన్న వార్త వచ్చిన సంవత్సరాల్లోనూ ఈ అంకె పైకే వెళ్లింది.

గాఢత నిలిచిపోయినా ఉష్ణోగ్రత వెంటనే నిలవదు. సముద్రాలు వేడెక్కడానికి చాలాకాలం తీసుకుంటాయి కాబట్టి నెమ్మదిగా ఇంకొంత పెరుగుతుంది. ఉష్ణోగ్రతను నిలపాలంటే కార్బన్ డయాక్సైడ్ నికర ఉద్గారాలు సున్నాకు రావాలని శాస్త్రవేత్తలు అనేది అందుకే. మూడు మెట్లు, మూడు వేర్వేరు స్టెబిలైజేషన్లు.

తనంతట తానా, ఎవరైనా చేశారా?

వ్యాకరణపరంగా ఈ క్రియది రెండు నాల్కల స్వభావం. డాక్టర్లు రోగిని స్టెబిలైజ్ చేశారు అనడానికీ, రోగి స్టెబిలైజ్ అయ్యాడు అనడానికీ ఇంగ్లీషులో క్రియ మారదు. మనకు అలా కుదరదు. కుదురుకోవడం వేరు, కుదర్చడం వేరు. స్థిరపడటం వేరు, స్థిరపరచడం వేరు. అందువల్ల అనువదించేవాళ్లు ప్రతిసారీ ఎటో ఒకవైపు తేల్చుకోవాలి.

‘కరెన్సీ స్టెబిలైజ్ అయింది’ అని ఇంగ్లీషు వార్త రాస్తే, కేంద్ర బ్యాంకు తన నిల్వల్లోంచి డాలర్లు అమ్మి నిలబెట్టిందా, లేక అమ్మేవాళ్ల ఒత్తిడి దానంతటదే తగ్గిందా అన్నది ఆ వాక్యంలో ఉండదు. రెండింటికీ మధ్య తేడా చాలా ఉంది. నిల్వలు కరిగించి నిలబెట్టినది, కరగడానికి నిల్వలు ఉన్నంతవరకే నిలుస్తుంది. ఐసీయూలో మందు మోతాదు సంగతి లాంటిదే ఇదీ. అలాంటి వార్తలో చేసినవాళ్లెవరో కనిపించకపోతే కింది పేరాల్లో వెతుక్కోవడం మంచిది, తరచూ అక్కడే ఉంటారు.

కాలం కూడా చూసుకోవాలి. స్టెబిలైజ్ అయింది అంటే ఆ మేరకు పని పూర్తయింది. అవుతోంది అంటే ఇంకా ఊగుతూనే ఉంది, ఊపు తగ్గుతోంది. ‘స్టెబిలైజ్ అయ్యే సూచనలు కనిపిస్తున్నాయి’ అనేది అన్నిటికన్నా బలహీనమైన వాక్యం, ఇంకా ఏమీ నిలవలేదని దానర్థం. ఏ స్థాయిలో నిలిచిందో చెప్పడానికి ఇంగ్లీషులో ‘యాట్’, ‘అరౌండ్’ లాంటి చిన్న మాటలు వెంట వస్తాయి. మనం ‘దగ్గర’ అంటాం. ఆ ‘దగ్గర’ లేని వాక్యం సగం వాక్యం.

పక్కింటి క్రియలు

స్టెడీ అనే క్రియ దీనికి బాగా దగ్గరిది, కానీ దాని లోకం చిన్నది, చేతికి అందేది. ఊగుతున్న నిచ్చెనను పట్టుకోవడం, తూలబోయి గోడ ఆసరాతో నిలదొక్కుకోవడం, మైకు ముందుకెళ్లే ముందు టెన్షన్ తగ్గించుకోవడం, ఇవన్నీ స్టెడీ. నిచ్చెనను స్టెబిలైజ్ చేశానంటే తప్పు కాదు గానీ, అడుగున ఏవో కాళ్లు బిగించినట్టు వినిపిస్తుంది. మన నోట స్టెడీ కాస్తా ‘స్టడీ’ అయిపోయి, ‘బండి స్టడీగా పోతోంది’ అనడం మామూలైపోయింది. మాట్లాడుకునేటప్పుడు ఇబ్బంది లేదు, రాసేటప్పుడు చదువు అన్న అర్థం వచ్చిపడుతుంది.

ఉద్యోగం, పెళ్లి, ఇల్లు చూసుకుని ఒక ఊళ్లో స్థిరపడటాన్ని ఇంగ్లీషులో సెటిల్ అవడం అనాలి. మనకు రెండింటికీ స్థిరపడటమే కాబట్టి ‘నేను ఫలానా నగరంలో స్టెబిలైజ్ అయ్యాను’ అని రాసేవాళ్లు కనిపిస్తారు. చదివిన ఇంగ్లీషువాళ్లకు అది ఆస్పత్రిలో కోలుకుంటున్నట్టో, ఆర్థికంగా గట్టెక్కినట్టో అనిపిస్తుంది. రికవర్ అంటే పోయినది తిరిగి రావడం, కోలుకోవడం. స్టాక్ మార్కెట్ పదిశాతం పడి అక్కడే ఆగితే స్టెబిలైజ్ అయింది, పోయిన పదీ తిరిగొస్తే రికవర్ అయింది. మొదటిదాన్ని ‘కోలుకుంది’ అని అనువదిస్తే అది వేరే వార్త అయిపోతుంది. లెవెల్ ఆఫ్, ప్లాటో అన్నవి గ్రాఫు చదునైందని మాత్రమే చెబుతాయి. ఆ చదును ఎంత గట్టిదో, చిన్న దెబ్బకు నిలుస్తుందో లేదో వాటికి పట్టదు. ఫిక్స్ అంటే ఒక అంకె దగ్గర మేకు కొట్టేయడం. 1944లో దేశాలు కుదుర్చుకున్న బ్రెటన్‌వుడ్స్ కరెన్సీ ఏర్పాటులో ఔన్సు బంగారానికి 35 డాలర్లని కట్టేయడం అలాంటిది.

దీనికి వ్యతిరేకమైన డీస్టెబిలైజ్ మాత్రం తనంతట తాను జరిగేదానికి పెద్దగా వాడరు. దాని వెనక తరచూ ఎవరో, ఏదో ఉంటుంది, ఆ మాటలో కొంత నిందా ఉంటుంది. ప్రభుత్వాన్ని డీస్టెబిలైజ్ చేస్తున్నారంటే చేసేవాళ్లను వేలెత్తి చూపిస్తున్నారన్నమాట.

ఎవరి నిలకడ?

మాట వాసన మంచిది కావడం వల్ల విధానాల పేర్లలోకి అది తేలిగ్గా ఎక్కుతుంది. అమెరికాలో షేర్ల ధరను కావాలని ప్రభావితం చేయడం నేరం. కానీ కొత్త ఇష్యూ అమ్మకం సమయంలో ధర మరీ పడిపోకుండా అండర్‌రైటర్లు, అంటే ఆ షేర్లను అమ్మిపెట్టే సంస్థలు, కొన్ని షరతులకు లోబడి బిడ్ వేయడాన్ని అక్కడి నిబంధనలు అనుమతిస్తాయి. దాని పేరు స్టెబిలైజేషన్. సమర్థించేవాళ్లు ఇది తొలి రోజుల గందరగోళం నుంచి చిన్న మదుపరులను కాపాడుతుందంటారు. విమర్శించేవాళ్లు ఇది అనుమతి పొందిన ధరల తారుమారే అంటారు.

రాజకీయాల్లో ఇంకా జటిలం. బోస్నియాలో నాటో నాయకత్వంలోని దళానికి 1996లో స్టెబిలైజేషన్ ఫోర్స్ అని పేరు పెట్టారు. హైతీలో 2004 నుంచి 2017 దాకా, మాలీలో 2013 నుంచి 2023 దాకా పనిచేసిన ఐక్యరాజ్యసమితి మిషన్ల పేర్లలోనూ ఈ మాట ఉంది. కూలిపోతున్న వ్యవస్థ నిలబడితేనే బడి, ఆస్పత్రి, ఎన్నిక సాధ్యమన్నది ఒక వైపు వాదన. నిలబడేది జనం బతుకా, అధికారంలో ఉన్నవాళ్ల కుర్చీయా అన్నది రెండోవైపు ప్రశ్న. ఐక్యరాజ్యసమితి శాంతి కార్యకలాపాలను సమీక్షించిన ఉన్నత స్థాయి బృందం కూడా 2015లో ఈ మాటకు రకరకాల అర్థాలున్నాయనీ, సమితి దీన్ని ఏ అర్థంలో వాడుతోందో స్పష్టత కావాలనీ తన నివేదికలో రాసింది.

స్పెల్లింగ్ సంగతి ఒక్క మాటలో. అమెరికాలో చివర జెడ్ అక్షరంతోనే రాస్తారు. బ్రిటన్ పత్రికల్లో ఎక్కువగా ఎస్ కనిపిస్తుంది, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులు మాత్రం జెడ్‌నే ముందు పెడతాయి. రెండూ ఒప్పే, ఒకే వ్యాసంలో కలిపేయకుంటే చాలు. మనం స్టెబిలైజర్ అని మొదటి అక్షరాన్ని పొట్టిగా పలుకుతాం, ఇంగ్లీషువాళ్లు ‘స్టే’ అని సాగదీసి దాని మీదే ఒత్తుతారు. అదే స్టెబిలిటీ దగ్గరికి వచ్చేసరికి ఒత్తు ‘బి’ మీదికి దూకి, మొదటి అక్షరం వినీవినిపించకుండా పోతుంది. బ్రిటన్‌లో ఎవరైనా తమ పాప స్టెబిలైజర్లు తీసేసిందంటే కంగారు పడక్కర్లేదు. సైకిల్ వెనక చక్రానికి ఇరువైపులా ఉండే బుల్లి చక్రాలను వాళ్లు అలా పిలుస్తారు, అమెరికాలో వాటినే ట్రైనింగ్ వీల్స్ అంటారు.